చిటికెన వేలంత ఎలుక

పాములు పాలు తాగవు. ఈ మాట నేను చెప్పని చోటు లేదు. కాలేజీలో బల్ల ఎక్కి చెప్పాను. పుట్ట దగ్గర పాలచెంబులతో నిలబడ్డ ఆడవాళ్లకు చెప్పి తిట్లు తిన్నాను. ఒకసారి మా ఊరి గ్రంథాలయం మెట్ల మీద రెండు గంటలు వాదించి, ఎదుటి పక్షం భోజనానికి వెళ్లిపోతే గెలిచానని ప్రకటించుకున్నాను. పెళ్లిచూపుల్లో కూడా ఇదే చెప్పానని మా ఆవిడ అంటుంది. అది అబద్ధం. చెప్పింది పెళ్లయిన మర్నాడు.

పాములు ఏం తాగవో అంత గట్టిగా తెలిసినవాడికి అవి ఏం తింటాయో తెలుసా అని మాత్రం ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. రెండువేల అయిదో సంవత్సరం వేసవిలో, దుబాయ్‌లో, ఒక పామే అడిగింది.

అప్పుడు నేను అల్ ఖూజ్‌లో అల్యూమినియం తలుపులు, కిటికీలు చేసే ఒక కంపెనీలో అంచనాలు వేసే పని చేసేవాణ్ని. ఒకరోజు మా షెడ్డు వెనక ఇసుకలో ఏదో పాము కనబడితే కుర్రాళ్లు రేకుతో కొట్టి చంపారు. మధ్యాహ్నం టీ దగ్గర మా ఫోర్‌మన్ గొంతు తగ్గించి, దాని జోడు తప్పకుండా వస్తుందనీ, చంపినవాడి ముఖం చచ్చిన పాము కంట్లో అచ్చు పడి ఉంటుందనీ చెప్పాడు. ఇలాంటి అవకాశం చేజార్చుకునే అలవాటు నాకు లేదు. లేచి నిలబడి, హిందీలో నాకు వచ్చిన మాటలూ రాని మాటలూ కలిపి, పాము మెదడు ఎంత ఉంటుందో, అందులో పగకు ఎంత చోటు ఉంటుందో విప్పి చెప్పాను. మా ముదీర్, అంటే మేనేజరు, కూడా కప్పు కింద పెట్టి విన్నాడు.

అంతా అయ్యాక, డిజైన్ విభాగంలో పనిచేసే తెల్లావిడ, దక్షిణాఫ్రికా మనిషి, నా దగ్గరికి వచ్చి తీరిగ్గా అడిగింది. "అయితే మీకు పాములంటే భయం లేదన్న మాట. నేను రెండున్నర నెలలు సెలవు మీద వెళ్తున్నాను. నా పాముని చూసుకునే మనిషి కోసం వెతుకుతున్నాను. ఉంచుకుంటారా?"

ఫోర్‌మన్ నా వైపు చూశాడు. అందరూ చూశారు. హేతువాది వెనకడుగు వేస్తే హేతువే వెనకడుగు వేసినట్టు కదా. ఉంచుకుంటానన్నాను.

అది కార్న్ స్నేక్. విషం లేదు, కోపం లేదు, మనిషి మీద ఆసక్తి లేదు. నారింజ రంగు ఒంటి మీద ఇటుక రంగు మచ్చలు, మీటరు పొడవు, రెండేళ్ల వయసు. దాని గాజు పెట్టె, పెట్టె కింద పరిచే కరెంటు చాప, ఒక సంచీలో గడ్డకట్టించిన పది తెల్ల ఎలుకలు, మూడు పేజీల సూచనల కాగితం, అన్నీ నాకు అప్పగించింది. ఎలుకలు అలా గడ్డకట్టించి అమ్ముతారని నాకు అప్పుడే తెలిసింది. వాటిని గోరువెచ్చని నీళ్లలో కరగబెట్టి, పట్టకారుతో పాము ముందు ఆడించాలట. ఆవిడ వెళ్తూ వెళ్తూ గాజు మీద వేలు ఆనించి ఆ పాముతో ఏదో చెప్పింది. నాతో ఒకటే మాట చెప్పింది. "బతికించండి చాలు."

ఇంత చిన్న కోరికా అనుకున్నాను.

మేమప్పుడు కరామాలో రెండు పడకగదుల ఫ్లాటులో ఉండేవాళ్లం. ఒక గది మాది. రెండోది నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన భార్యాభర్తలది. ఆయన ఒక కార్గో కంపెనీలో ఉద్యోగి. ఇద్దరూ గుడ్డు కూడా ముట్టరు. హాలు, వంటిల్లు, ఫ్రిజ్ ఉమ్మడి. పొయ్యికి వంతులుండేవి, ఫ్రిజ్‌కి సరిహద్దులుండేవి. ఫ్రీజర్‌లో అట్టడుగు సొరుగు ఒక్కటే మాది, అదీ చేప అయినా కోడి అయినా రెండు కవర్లలో చుట్టి, మూతి కట్టి పెట్టాలన్న షరతు మీద.

పామును ఇంట్లోకి రానివ్వరేమోనని మా ఆవిడ భయపడింది. ఆయన రానివ్వనన్నాడు కూడా. "ఏందన్నా గిది? ఎవరన్న పిల్లినో చిలుకనో సాదుకుంటరు, నువ్వు పామును సాదుతవా?" అన్నాడు. కాని ఆయన భార్య పెట్టెకేసి చూసి రెండు చేతులూ జోడించింది. "శ్రావణం దగ్గరికొస్తున్నది. నాగేంద్రుడు తానంతట తానే ఇంటికొచ్చిండు. వద్దనొద్దు" అంది. అంతే, పాముకి ప్రవేశం దొరికింది. నాకు ఒళ్లు మండింది. అది అమెరికా నుంచి వచ్చిన జాతి అనీ, దానికి పడగ కూడా లేదనీ, నాగేంద్రుడితో దానికి ఎలాంటి చుట్టరికమూ లేదనీ చెప్పబోతే మా ఆవిడ నా కాలు తొక్కింది.

మొదటి రెండు వారాలూ అంతా కాగితంలో ఉన్నట్టే జరిగింది. వారానికొక ఎలుకను కరగబెట్టాను, పాము తింది. నేను ఆఫీసులో ఆ విషయం అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాను. ఈ పాటి పనికి మూడు పేజీల కాగితమెందుకని నాకప్పుడే అనుమానం వచ్చింది. ఆ కాగితాన్ని నేను ఎదుటి పక్షం కరపత్రం చదివినట్టు చదివాను. అంటే అందులో తప్పు ఎక్కడ దొరుకుతుందా అని. దొరికింది. పెట్టె కింద కరెంటు చాప రాత్రింబవళ్లు వెచ్చగా ఉండాలని రాసి ఉంది. బయట తారురోడ్డు మెత్తబడే దేశంలో పాముకి హీటరా! చల్లటి దేశాల పుస్తకాల్లో ఉన్నదాన్ని ఎడారిలో గుడ్డిగా పాటించడం మూఢనమ్మకం కాక ఏమిటి? ప్లగ్గు పీకేశాను. పైగా, పాపం ఉక్కపోస్తుందేమోనని పెట్టెను మా గదిలో ఏసీకి ఎదురుగా పెట్టాను. ఆ గదిలో మేం జూలై నెలలో రెండు దుప్పట్లు కప్పుకుని పడుకునేవాళ్లం. ఈ సంగతికీ పాము సంగతికీ సంబంధముందని నా తర్కానికి తట్టలేదు.

మూడో వారం ఫ్రిజ్ గొడవ వచ్చింది. మన ఇళ్లలో ఐస్‌క్రీమ్ డబ్బాలో ఐస్‌క్రీమ్ తప్ప అన్నీ ఉంటాయి. ఇడ్లీ పిండి ఉంటుంది, అల్లం ముద్ద ఉంటుంది, కొబ్బరి తురుము ఉంటుంది. ఇంత బాగా తెలిసి ఉండీ నేను ఎలుకల్ని ఒక ఐస్‌క్రీమ్ డబ్బాలో పెట్టి మా సొరుగులో దాచాను. మా ఆవిడ చేపలకు చోటు చేసుకోవడానికి ఒకరోజు ఆ డబ్బాను పై అరలోకి జరిపింది. ఆ పూట పక్కగది ఆవిడ కొబ్బరి పచ్చడి చేయబోయింది.

నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇంట్లో అగరొత్తుల పొగ. ఫ్రిజ్ ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది. ఆవిడ గదిలో పడుకుని ఉంది. ఆయన హాల్లో నిలబడి ఉన్నాడు.

"అన్నా, నీకు దండం పెడ్త. గా డబ్బాల ఏమున్నయో ఒక్క మాట చెప్పకపోతివి! మా ఆమె మూత తీసి చెయ్యి పెట్టింది. కొబ్బరి అనుకొని!"

"అవి పరిశుభ్రంగా పెంచిన ఎలుకలు..." అన్నాను.

"నీ పరిశుభ్రం సల్లగుండ! ఎలుకలల్ల గూడ పెద్దింటివి చిన్నింటివి ఉంటయా?"

"ఇప్పుడెక్కడున్నాయి?"

"బలదియా డబ్బాల పడేసిన. ఖలాస్!"

ఎనిమిది ఎలుకలు, ఎనిమిది వారాల తిండి, మున్సిపాలిటీ చెత్తలో కలిసిపోయింది. నేను ఊరుకుంటానా? మీరు దణ్ణం పెట్టిన నాగేంద్రుడు ఇన్ని యుగాలుగా ఏం తిని బతికాడనుకుంటున్నారని అడిగాను. దేవుణ్ని ఇంట్లో పెట్టుకుని దేవుడి భోజనాన్ని చెత్తలో వేసే భక్తి ఏం భక్తి అన్నాను. పుట్టలో ఉన్నవాడు ఉపవాసాలు చేస్తున్నాడని ఏ పురాణంలో ఉందో చూపించమన్నాను. వాదంలో నేనే గెలిచాను. ఫ్రీజర్‌లో మాత్రం చోటు పోయింది. ఇకమీద ఎలుక అన్నది ఆ ఫ్రిజ్‌లోకి వస్తే పాము, నేను, ఇద్దరం బయటికేనని తీర్మానం అయింది.

కరగబెట్టడానికి ఎలుక లేదు, దాచడానికి చోటు లేదు. వారం దాటింది. పాము పెట్టెలో అటూ ఇటూ తిరుగుతోంది. ఇంట్లో అందరూ సలహాలివ్వడం మొదలుపెట్టారు. పక్కగది ఆవిడ గిన్నెలో పాలు పెట్టింది. ఆమెకు నా పాత ఉపన్యాసం మొత్తం వినిపించాను. ఆయన "పన్నీర్ అలవాటు చెయ్యరాదే అన్నా, మెల్లగ తింటది" అన్నాడు. మా ఆవిడ చికెన్ ముక్క వేద్దామంది. పాముకి కావలసింది మాంసం ముక్క కాదు, ఎముక, తోలు, పేగు, అన్నీ ఉన్న మొత్తం జంతువు అని కాగితంలో ఉన్నది చదివి వినిపించాను. నాకు నచ్చిన చోట కాగితం ప్రమాణమే.

ఇక నా సొంత ఆలోచన వచ్చింది. అల్ ఖూజ్‌లో మా గోదాములో ఎలుకలు బోలెడు. ప్రకృతిలో పాము తినేది ఆ ఎలుకనే కదా. బోను పెట్టి ఒకదాన్ని పట్టి, అట్టపెట్టెలో పెట్టుకుని, కంపెనీ బస్సులో ఒళ్లో ఉంచుకుని కరామా తెచ్చాను. మా ఆవిడ తలుపు దగ్గరే ఆపింది.

"మీ గోదాములో నెలనెలా ఎలకల మందు పెడతారని మీరేగా చెప్పారు?"

"పెడతారు."

"మరి ఇది ఆ మందు తినలేదని మీకు చెప్పిందా?"

మర్నాడు పొద్దున్న ఆ ఎలుకను అదే అట్టపెట్టెలో, అదే బస్సులో అల్ ఖూజ్ తీసుకెళ్లి వదిలేశాను. దుబాయ్ వచ్చి, ఒక రాత్రి కరామా చూసి, క్షేమంగా వెనక్కి వెళ్లినవాళ్లు ఎంతమంది ఉంటారు?

ఆ సాయంత్రం పక్షులూ చేపలూ అమ్మే ఒక దుకాణానికి వెళ్లాను. గడ్డకట్టినవి లేవన్నాడు. బతికున్న తెల్ల ఎలుకలు ఉన్నాయన్నాడు. దుకాణదారు హిందీలో అడిగాడు, పాము ఎంత ఉంటుందని. చేతులు చాపి మీటరు చూపించాను. "లావు ఎంత?" అన్నాడు. "మీటరని చెప్పాను కదా" అన్నాను. అతను మళ్లీ అడిగాడు. నేను మళ్లీ చేతులు చాపాను. వాదన ఎందుకని అతను ఊరుకున్నాడు.

అక్కడ చిన్నవీ ఉన్నాయి, పెద్దవీ ఉన్నాయి. నేను లెక్క వేశాను. వారానికొక చిన్న ఎలుక అయితే మూడింతలున్నది మూడు వారాలకు సరిపోవాలి. ఫ్రీజర్ గొడవ ఉండదు, వారం వారం దుకాణానికి తిరగక్కర్లేదు. అసలు అతిథికి తక్కువ పెట్టడం మన ఇంటా వంటా లేదు. నా మూడు వేళ్లు కలిపినంత లావున్న దాన్ని ఎంచుకున్నాను. అది ఎలుకపిల్ల కాదు, పందికొక్కుకి తమ్ముడిలా ఉంది.

పెట్టెలో వదిలాక అరగంట యుద్ధం జరిగింది. చివరికి పాము దాన్ని చుట్టేసి, చాలాసేపు కష్టపడి మింగింది. ఒంటి మధ్యలో పెద్ద ఉబ్బు. నేను గదిలోంచి బయటికి వచ్చి, మనిషి తలుచుకుంటే సాధ్యం కానిది లేదన్న అర్థం వచ్చేలా పక్కగది ఆయనకు కాసేపు చెప్పాను. ఆయన భోజనం ముందు కూర్చుని ఉన్నాడు. కంచం పక్కకు జరిపి లేచిపోయాడు.

మూడో రోజు, మంగళవారం, మధ్యాహ్నం మా ఆవిడ ఆఫీసుకి ఫోన్ చేసింది. "మీరు తినిపించింది తిరిగొచ్చింది" అంది. ఇంటికి వచ్చేసరికి కంపు మెట్ల మీదికే వస్తోంది. సగం కరిగిన ఎలుక ఒక మూల, పాము ఇంకో మూల. చర్మం ముడతలు పడింది. నాలుక కూడా బయటికి తీయడం లేదు. మెడ దగ్గర చిన్న గాయం. ముట్టుకుంటే గాజు కన్నా చల్లగా ఉంది.

బతికించండి చాలు, అంది ఆవిడ. నేను చంపుతున్నాను. అప్పటికి ఆవిడ రావడానికి ఇంకా నెల మీద ఉంది. నాకు తోచింది ఒకటే, వెంటనే ఇంకో ఎలుక పెట్టాలి, పోయిన బలం రావాలి. గురువారం పెట్టబోయాను. మా ఆవిడ నా చేతిలో సంచీ లాక్కుంది. "పసిపిల్లాడు వాంతి చేసుకుంటే మళ్లీ బిర్యానీ పెడతారా? రేపు మా చెల్లి వస్తుంది, దాన్ని అడుగుదాం" అంది.

చెల్లి అంటే సొంత చెల్లెలు కాదు. మా ఆవిడ ఊరికి పక్క ఊరు, గోదావరి దగ్గర. జుమేరాలో ఒక ఇంగ్లీషు వాళ్ల విల్లాలో ఇంటిపని చేస్తుంది. ఉన్న ఒక్క సెలవు శుక్రవారం. దుబాయ్‌లో ఆదివారం ప్రార్థన కూడా శుక్రవారమే కాబట్టి చర్చికి వెళ్లి, అక్కడి నుంచి మా ఇంటికి వచ్చి, మా ఆవిడ చేసిన పులుసు తిని వెళ్లేది. నాకు ఆమె ఎదుట మాట్లాడాలంటే కొంచెం భయం. సృష్టి ఆరు రోజుల్లో ఎలా జరుగుతుందని ఒకసారి నిలదీశాను. "మా మేడమ్ గారిల్లు సర్దడానికే నాకు ఆరు రోజులు పడద్దండి బావగారూ, లోకం సంగతి ఆయనకే తెలవాలి" అంది. ఆ రోజు నుంచి ఆమె జోలికి వెళ్లలేదు.

శుక్రవారం ఆమె గుమ్మంలోనే ముక్కు మూసుకుంది. "ఏటక్కా ఈ కంపు?" అంటూ లోపలికి వచ్చి పెట్టెను చూసింది. నేను అడ్డు నిలబడి, భయపడొద్దు, విషం లేదు అని మొదలుపెట్టాను.

"ఆయ్, తెలుసండి. మా చిన్నబాబుకి ఉన్నది ఈ రకమే. మూడేళ్లబట్టి దానికి వండి పెడతంది ఎవరనుకున్నారు?"

"వండి పెడుతున్నావా?"

"అదేలెండి. ఫ్రిజ్‌లోంచి తీసి, గోరెచ్చటి నీళ్లల్లో నానేసి, తుడిచి ఇవ్వడం. ఆ పనికి ఇంట్లో ఇంకెవరికీ చేతులు రావు మరి."

నేను అప్పటికి మూడేళ్లుగా శుక్రవారం శుక్రవారం ఆమెకు జ్ఞానం బోధించాలని చూస్తున్నాను. ఆమెకు ఏం తెలుసో ఒక్కసారి అడిగి ఉంటే ఈ కథే లేదు.

ఆమె పెట్టె ముందు చతికిలబడింది. పామును తీయబోతే నా చేతి మీద కొట్టింది. "ముట్టుకోకండి. దానికి ఓపిక లేదు." తన బొటనవేలు గాజుకు ఆనించి, లోపలున్న పాము నడుముతో పోల్చి చూసింది. "ఇదిగోండి, ఇది బొటనవేలంత లావుంది. దీనికి పెట్టే ఎలక కూడా అంతే ఉండాలి. కొంచెం మించినా పర్లేదు. మీరెంతది పెట్టారు?"

మూడు వేళ్లు చూపించాను.

"అమ్మ బాబోయ్! లావు చూడాలండి, పొడుగు చూస్తారా ఎవరైనా? బతికున్నదా, చచ్చిందా?"

"బతికున్నదే."

"ఆ గాటు అందుకే. ఎలక్కి పళ్లుంటాయండి. దాన్ని పాము తింటాదని పుస్తకంలో చదువుకుని అది ఊరుకోదు కదా." ఆమె అరచేయి గాజు మీద పెట్టి వెనక్కి తీసుకుంది. "ఇదేటి, మంచుగడ్డలా ఉంది? దీని కింద వెచ్చటి చాపుండాలే?"

"తీసేశాను."

"ఎందుకండి?"

"దుబాయ్‌లో హీటర్ ఎందుకని..."

ఆమె మా ఆవిడ వైపు తిరిగింది. "అక్కా, బావగారు దుబాయ్‌లో ఉంటన్నారు. పాము ఏసీలో ఉంటంది. ఒళ్లు వెచ్చగా లేపోతే దానికి అరగదు. చీమంత పెట్టినా కక్కేద్ది."

మా ఆవిడ నవ్వు ఆపుకోవడానికి వంటింట్లోకి వెళ్లింది. ఆపుకోలేదు. నాకు వినబడింది.

ప్లగ్గు పెట్టాను. పెట్టెను ఏసీకి దూరంగా హాల్లో మూలకి జరిపాను. కక్కిన రోజు నుంచి రెండు వారాలు ఏమీ పెట్టొద్దని, నీళ్లు మాత్రం మార్చమని, ఆ తర్వాత పెట్టే మొదటిది బొటనవేలంత కూడా కాదు, చిటికెన వేలంత ఉండాలని ఆమె చెప్పింది. నూగు అప్పుడే వచ్చిన ఎలుకపిల్లలు తమ ఇంట్లో ఉన్నాయి, మేడమ్‌ని అడిగి వచ్చే శుక్రవారం తెస్తానంది. ఆమె వెళ్లాక కాగితం తీసి రెండో పేజీ చూశాను. లావు సంగతి, వెచ్చదనం ఎందుకన్న సంగతి, వాంతి అయితే ఏం చేయాలో, అన్నీ అక్కడే ఉన్నాయి. కింద గీతలు కూడా గీసి ఉన్నాయి. నేను ఆ పేజీ దాకా రాకముందే వాదంలో గెలిచేశాను మరి.

రెండు వారాలు లెక్క వేస్తే మంగళవారం అయింది. ఆ మంగళవారమే నాగుల పంచమి.

అంటే శుక్రవారం వచ్చిన ఎలుకలు మంగళవారం దాకా గడ్డకట్టి ఉండాలి. ఉన్నది ఒక్క ఫ్రీజర్. పండగని పక్కగది ఆవిడ ఆ ఫ్రిజ్‌ని పసుపునీళ్లతో కడిగి, మా చేపల్ని కూడా ఆ వారం బహిష్కరించింది. ఇంతకన్నా మంచి ముహూర్తం ఏ జ్యోతిష్కుడూ పెట్టలేడు.

శుక్రవారం మా ఆవిడ చెల్లి, అదే ఆ గోదావరి ఆమె, ఐస్ పెట్టిన చిన్న సంచీలో మూడు ఎలుకపిల్లలు తెచ్చింది. "మేడమ్‌ని అడిగే తెచ్చానండి" అంది. నేను పక్కగది వాళ్లను హాల్లోకి పిలిచి, అప్పటికే తయారుచేసుకున్న వాదన మొదలుపెట్టాను. శుచి అంటే ఏమిటి, అశుచి అంటే ఏమిటి, సూక్ష్మక్రిములు మతం చూసి వస్తాయా అన్న దగ్గరికి వచ్చేసరికి ఆయన ముఖం ఎర్రబడింది.

"అన్నా, నీ తర్కం నీ దగ్గర్నే పెట్టుకో. పండుగ ముంగట ఎలుకలు ఇంట్ల వద్దంటే వద్దు!"

నేను నోరు తెరిచేలోపు గోదావరి ఆమె ఆయన భార్య పక్కన కూర్చుంది. "అమ్మా, మంగళవారం మీ దేవుడి పండగంట కదా?"

"అవు."

"ఆయన తిని మూడు వారాలైంది. చూడండి, ఎముకలు కనబడతన్నాయి. పండగ నాడు అందరూ తింటారు, ఆయనొక్కడినీ పస్తు పడుకోబెడతారా?"

ఆవిడ లేచి వెళ్లి పెట్టెలోకి చూసింది. పాము లోపలున్న ఎండుకొమ్మ మీద తల వాల్చి ఉంది. ఆవిడ తన గదిలోకి వెళ్లి, వాడని కొత్త స్టీలు డబ్బా ఒకటి తెచ్చింది. మూత మీద పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. దూరంగా నిలబడి, కళ్లు మూసుకుని, డబ్బా తెరిచి పట్టుకుంది. గోదావరి ఆమె ఎలుకల్ని అందులో వేసి మూత పెట్టింది.

"గిది స్వామి డబ్బా" అంది ఆవిడ. "నైవేద్యం. నైవేద్యానికి నీసు లేదు. ఫ్రీజర్ల మీది అర ఖాళీ చేసిన, ఆడ పెట్టండ్రి. మా ఆయన గూడ ముట్టొద్దు." ఆవిడ నా వైపు తిరిగింది. "అన్నా, ఒక్కటే మాట. మంగళవారం నేను పాలు పెడ్త. పెట్టెల గాదు, బయటనే. నువ్వు నోరు తెరువొద్దు. తెరిస్తివా, డబ్బా బయటికే."

నా ముప్పై ఏళ్ల ఉద్యమం ఆ నిమిషంలో ఒక స్టీలు డబ్బా ముందు నిలబడింది. నైవేద్యానికి నీసు లేదన్న సిద్ధాంతం మీద నేను కనీసం నాలుగు ప్రశ్నలు వేయగలను. నాలుగూ నాలుక చివర ఉన్నాయి. పెట్టెలో పాము కొమ్మ మీద నుంచి తల ఎత్తలేదు.

"సరేనమ్మా" అన్నాను.

మా ఆవిడ గోడకు ఆనుకుంది. పెళ్లయినప్పటి నుంచి నేను వాదించకుండా ఒప్పుకున్నది ఇదే మొదలని తర్వాత చెప్పింది.

మంగళవారం సాయంత్రం పక్కగది ఆవిడ పెట్టె ముందు ముగ్గు వేసింది. వెండి గిన్నెలో పాలు పెట్టింది. దీపం వెలిగించి కథ చదువుకుంది. నేను వంటింట్లో పనికిరాని గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు పోసి చిటికెన వేలంత ఎలుకను కరగబెడుతూ, ఆ కథలో ఉన్న తప్పుల్ని మనసులో లెక్కపెట్టుకున్నాను. పదకొండు. హారతి అయ్యాక పట్టకారుతో ఎలుకను పట్టుకుని పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. నా ఎదురుగా పాలు, పక్కన పసుపు డబ్బా, వెనక చేతులు జోడించిన ఆవిడ. మా ఊరి గ్రంథాలయం మెట్ల మీద నా ప్రత్యర్థులు ఆ దృశ్యం చూసి ఉంటే భోజనం మానేసి ఉండేవాళ్లు.

పాము కదల్లేదు. ఎలుకను కొంచెం ఆడించాను. కదల్లేదు. వెనక నుంచి ఆవిడ ఏదో జపిస్తోంది. నేను ఆవిడను ఆపమనలేదు. ఇంకాస్త గట్టిగా చదివితే బాగుండునని కూడా ఒక్క క్షణం అనిపించింది. ఈ మాట ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

నాలుక బయటికి వచ్చింది. ఒకసారి. రెండోసారి. తల మెల్లగా ముందుకు జరిగింది. ఒక్క ఉదుటున ఎలుక నా పట్టకారులో లేదు.

"చూసినవా అన్నా? పాలు చూపెట్టంగనే తిన్నడు!" అంది ఆవిడ.

మా ఆవిడ నన్నే చూస్తోంది. పెదవులు బిగించి తల ఊపాను.

కాని మింగడం సగం పనే. మూడో రోజు ఉంది. పోయినసారి మూడో రోజే తిరిగొచ్చింది. గురువారం, శుక్రవారం ఇంట్లో ఎవరూ గట్టిగా తలుపు కూడా వేయలేదు. పొద్దున్న లేవగానే ఆయన బ్రష్ నోట్లో పెట్టుకుని పెట్టె దగ్గరికి వచ్చి "ఉంచుకున్నడా?" అని అడిగేవాడు. పామును ఇంట్లోకి వద్దన్న మనిషి. "ఉంచుకున్నాడు" అనేవాణ్ని. శుక్రవారం గోదావరి ఆమె వచ్చి చూసి, "పెట్టెలో రెట్ట కనబడేదాకా అరిగిందని నమ్మకండి" అంది.

ఆదివారం పొద్దున్న కనబడింది. పెట్టె మూలలో, అడుగున పరిచిన పాత పేపరు మీద, చిన్నగా, నల్లగా, పక్కన సున్నం లాంటి తెల్లటి చుక్కతో. నేను చేస్తున్న పని మరిచిపోయి హాల్లోంచి కేక పెట్టాను. మా ఆవిడ పిండి చేతులతో పరిగెత్తుకొచ్చింది. ఆయన టై కట్టుకుంటూ వచ్చాడు. నా జీవితంలో ఎన్నో సత్యాలు ప్రకటించాను. ఇంత ఆనందంగా ప్రకటించింది ఈ ఒక్కటే. "అయింది! బాగా అరిగింది! ఇదిగో చూడండి!"

పక్కగది ఆవిడ తల తుడుచుకుంటూ వచ్చి, పెట్టెలో నేను చూపించిన మూలకేసి చూసి, భక్తిగా రెండు చేతులూ జోడించింది.

నేను వెళ్లి ఫ్రీజర్‌లోంచి స్వామి డబ్బా తీసి చూశాను. ఇంకా రెండు ఉన్నాయి.